కళాయి వేసిన సర్క్యూట్ బోర్డు

ఇంట్లో చేసుకున్న సర్క్యూట్ బోర్డు మీది రాగి గీతలకి సన్నగా తగరం పూయడాన్ని హార్డ్‌వేర్ జనాలు టిన్నింగ్ అంటారు. ఇదేదో ఎలక్ట్రానిక్స్‌తో పాటు పుట్టిన పని అని చాలామంది అనుకుంటారు. కాదండీ. మన అమ్మమ్మల ఇళ్ళలో ఇత్తడి గిన్నెలకి ఏడాదికోసారి జరిగిన పనే అది. దానికి మనకి చక్కటి మాట కూడా ఉంది: కళాయి. అదే లోహం, అదే రసాయన శాస్త్రం, చివరికి పని చేసే వరస కూడా అదే. గిన్నె స్థానంలో బోర్డు వచ్చిందంతే.

ఈ టపా రాయడానికి ఇంకో కారణం ఉంది. టిన్నింగ్ గురించి ఎక్కడ వెతికినా ఒకటే ప్రశ్న కనిపిస్తుంది: "అన్నిటికంటే చవకగా ఎలా చెయ్యాలి?" మంచి ప్రశ్నే. కానీ కాస్త వెనక్కి వెళ్ళి చూస్తే ఈ పని చరిత్ర మొత్తం ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది. వెండి కొనలేనివాడు తగరం పూశాడు. తగరం ఖరీదెక్కువ అనుకున్నవాడు అందులో సీసం కలిపాడు. ఆ మిగిలిన డబ్బు ఎవరి జేబులోకి వెళ్ళింది, ఆ ఖర్చు ఎవరి ఒంటి మీద పడింది అన్న లెక్క మాత్రం ఎవరూ రాసుకోలేదు. ఆ లెక్క కొంచెం తీద్దామని నా ప్రయత్నం.

అసలు పూత ఎందుకు?

రాగి చాలా మంచి లోహం, కానీ గాలి సోకితే చాలు నల్లబడుతుంది. కొత్త బోర్డు మిలమిలా మెరుస్తుంది. వారం పోయాక చూస్తే వేలిముద్రలన్నీ గోధుమరంగు మచ్చలై కూర్చుంటాయి. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్ళలో అయితే ఇంకా తొందరగా. ఆ ఆక్సైడ్ పొర మీద సోల్డర్ అంటుకోదు, తామరాకు మీద నీటిబొట్టులా దొర్లిపోతుంది.

గిన్నెలో సమస్య వేరు, మూలం అదే. రాగి, ఇత్తడి గిన్నెల్లో చింతపండు పులుసో, మజ్జిగో ఉంచితే ఆ పులుపుకి రాగి కరిగి కిలుమెక్కుతుంది. ఆ కిలుము విషం. తగరం అయితే పులుపుకి అంత తేలిగ్గా లొంగదు, ఒకవేళ కాస్త కరిగినా రాగి చేసినంత హాని చెయ్యదు. పైగా 232 డిగ్రీల సెంటీగ్రేడుకే కరుగుతుంది, బొగ్గుల కుంపటి చాలు. అన్నిటికంటే ముఖ్యం, కరిగిన తగరానికి శుభ్రమైన రాగి అంటే మహా ఇష్టం. రెండూ కలిసే చోట రాగి-తగరాల సమ్మేళనం ఒకటి పొరలా ఏర్పడుతుంది. అందుకే కళాయి రంగులాగా పైన అతుక్కున్నది కాదు, లోపలికి వేళ్ళు దిగినట్టు పట్టుకున్నది.

ప్లీనీ గారి ఫిర్యాదు

కళాయి అన్న మాట అరబ్బీ నుంచి వచ్చిందంటారు. అరబ్బీలో "కలఈ" అంటే తగరం. మలయా ద్వీపకల్పంలో కలహ్ అనే రేవు ఉండేదని, అక్కడి నుంచి ఓడల్లో వచ్చే లోహానికి ఆ ఊరి పేరే నిలిచిపోయిందని నిఘంటుకారుల మాట. మలయా ఇరవయ్యో శతాబ్దంలో కూడా ప్రపంచంలో పెద్ద తగరం ఉత్పత్తిదారుల్లో ఒకటి కాబట్టి నమ్మదగ్గ కథే. మన సంస్కృతంలో తగరానికి త్రపు, వంగం అని పేర్లున్నాయి. ఆయుర్వేదంలో వంగభస్మం అనేది దీని భస్మమే.

పూత సంగతికొస్తే, రోమన్ రచయిత ప్లీనీ (వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు 79లో చనిపోయినాయన) తన ప్రకృతి చరిత్ర గ్రంథంలో లోహాల గురించి రాస్తూ ఈ విషయం చెప్పాడు. కంచు పాత్రలకి తగరం పూస్తే రుచి బాగుంటుందని, కిలుము విషం అడ్డుపడుతుందని, విచిత్రంగా పాత్ర బరువు పెరగదని. పూత ఎంత పల్చగా ఉండేదో ఆ చివరి ముక్కతో అర్థమవుతుంది. ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతంలో ఉండే గాల్ జనం ఈ విద్య కనిపెట్టారని, వాళ్ళు పూసిన సామాను వెండి సామాను నుంచి వేరుగా గుర్తుపట్టలేమని కూడా ఆయనే అన్నాడు. అంటే కళాయి పుట్టిందే వెండికి చవక ప్రత్యామ్నాయంగా అన్నమాట.

తమాషా ఏంటంటే ఆ పక్కనే మోసం గురించీ రాశాడు. అప్పట్లో తగరం, సీసం సమపాళ్ళలో కలిపిన మిశ్రమం ఒకటి ఉండేది. రెండు పాళ్ళు సీసం, ఒక పాలు తగరం కలిపింది ఇంకొకటి, దాన్ని నీటి గొట్టాలు అతకడానికి వాడేవాళ్ళు. కక్కుర్తి మనుషులు ఈ రెండో రకంలో ఇంకాస్త తగరం కలిపి, దానికి మొదటి దాని పేరు పెట్టి, ఏది పడితే దానికి పూసేస్తున్నారని ప్లీనీ వాపోయాడు. రెండు వేల ఏళ్ళ కిందటి క్వాలిటీ కంట్రోల్ సమస్య! మన షాపుల్లో దొరికే సోల్డర్ తీగ కూడా తగరం-సీసం మిశ్రమమే కదా. గొట్టాలు అతికే ఆ రోమన్ మిశ్రమానికి అది దూరపు చుట్టం.

గుండుసూదికి తెలుపు

ఆడమ్ స్మిత్ పేరు మనలో చాలామంది వినే ఉంటారు. 1776లో వచ్చిన ఆయన పుస్తకం మొదటి అధ్యాయంలోనే గుండుసూదుల కార్ఖానా ఉదాహరణ ఉంటుంది. పదిమంది పని పంచుకుంటే రోజుకి 48,000 సూదులు చెయ్యగలరని, ఒక్కడే అన్నీ చెయ్యాలంటే ఇరవై కూడా కష్టమని. శ్రమ విభజన గురించి చెప్పే ప్రతి మేనేజరూ ఎప్పుడో ఒకప్పుడు దీన్ని వాడుకున్నవాడే :)

అందులో ఒక ముక్క మనం పట్టించుకోం. సుమారు పద్ధెనిమిది పనుల్లో సూదుల్ని తెల్లబరచడం అనేది ఒక ప్రత్యేకమైన పని అంటాడు స్మిత్. ఆ సూదులు ఇత్తడి తీగతో చేసినవి. తెల్లబరచడం అంటే వాటికి తగరం పూయడం. కరిగించి ముంచితే సూదులన్నీ ఒకదానికొకటి అతుక్కుపోతాయి కాబట్టి వేరే దారి పట్టారు. సూదుల్ని తగరం ముక్కలతో కలిపి, ద్రాక్షసారా పీపాల అడుగున పేరుకునే పులుపు ఉప్పు వేసిన నీళ్ళలో మరిగించేవాళ్ళు. ఆ ఉప్పు టార్టారిక్ ఆమ్లం తాలూకుది. అందులో తగరం నెమ్మదిగా కరిగి, ఇత్తడి మీద పల్చని తెల్లటి పొరగా దిగేది.

టార్టారిక్ ఆమ్లం మనకి పరాయిది కాదు. చింతపండు పులుపులో ముఖ్యమైన భాగం అదే. ఇత్తడి బిందె చింతపండుతో తోమితే తళతళలాడేది దానివల్లే. ఐరోపా వాడికి ద్రాక్ష పీపాలో దొరికింది మనకి చెట్టు మీద దొరికింది.

ఈ సూదుల పద్ధతి గుర్తుపెట్టుకోండి. నిప్పు మీద కరిగించకుండా, ద్రవంలో ముంచి తగరం దింపడం అనే ఆలోచన మళ్ళీ మన బోర్డుల దగ్గరికొస్తుంది.

కళాయి సాయిబు చేసే పని

మా వైపు "కళాయి సాయిబు" అనేవాళ్ళు. పాత్రలకి కళాయి వేస్తామంటూ వీధిలో కేక వినపడగానే గుండిగలు, గిన్నెలు, గంగాళాలు బయటికొచ్చేవి. చెట్టు కింద చిన్న గొయ్యి తవ్వి, బొగ్గులు పోసి, తోలుతిత్తితో గాలి ఊదేవాళ్ళు. ఆ తర్వాతి వరస ఇదీ:

1. ముందు గిన్నెని ఇసక, చింతపండు లాంటి వాటితో గట్టిగా తోమడం. పెద్ద గిన్నె అయితే లోపల నిలబడి కాళ్ళతో తిరుగుతూ తోమేవాళ్ళు.
2. నిప్పుల మీద సమంగా వేడెక్కించడం.
3. నవాసాగరం పొడి చల్లడం. గుప్పున తెల్లటి పొగ లేస్తుంది.
4. తగరం కడ్డీని వేడి గిన్నెకి రెండు మూడు చోట్ల తాకించడం.
5. దూది లేదా గుడ్డతో ఆ తగరాన్ని క్షణాల్లో గిన్నె అంతా పరిచి, ఎక్కువైనది తుడిచెయ్యడం.
6. నీళ్ళలో ముంచడం.

మూడో మెట్టులోనే రహస్యం అంతా ఉంది. నవాసాగరం అంటే అమ్మోనియం క్లోరైడ్. వేడి తగలగానే అమ్మోనియాగా, హైడ్రోజన్ క్లోరైడ్‌గా విడిపోతుంది. ఆ రెండోది రాగి మీది ఆక్సైడ్‌ని తినేసి, తాజా లోహం బయటపడేలా చేస్తుంది. ఆ ఒక్క క్షణంలో తగరం తాకాలి. మన భాషలో చెప్పాలంటే అదే ఫ్లక్స్. ఇది ఏ పుస్తకంలోనూ చదవకుండా పొగ రంగు, వాసన చూసి సమయం పట్టుకున్న మనుషులు వాళ్ళు. చిల్లిపడ్డ బిందెకి మాటు వెయ్యడం కూడా తరచూ వాళ్ళే చేసేవాళ్ళు. మాటు అంటే మన సోల్డరింగే. తెలుగులో మాట లేదనుకునే వాటికి చాలాసార్లు మాట ఉంటుంది, మనం అడగాల్సిన మనిషిని అడగమంతే.

ఇక సీసం సంగతి. తగరం ఎప్పుడూ ఖరీదే. మన దేశంలో దొరికేది కూడా తక్కువ, ఛత్తీస్‌గఢ్‌లో బస్తర్ వైపు తవ్వుతారు, అవసరంలో ఎక్కువ భాగం బయటినుంచే రావాలి. సీసం చవక, చూడ్డానికి కొత్తలో ఇంచుమించు అలాగే ఉంటుంది, ఇంకా తేలిగ్గా పరుచుకుంటుంది. అందుకని కడ్డీలో సీసం కలిసేది. కలిపింది కళాయి వేసే మనిషే కానక్కర్లేదు, అతనికి అమ్మిన వ్యాపారి కావచ్చు. పులుసు గిన్నెలో సీసం అంటే ఇంటిల్లిపాదికీ రోజూ కొంచెం విషం, ముఖ్యంగా పిల్లలకి. సీసం పిల్లల మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తుంది, ఇంత వరకూ ఫరవాలేదు అని చెప్పగలిగే మోతాదు దానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది.

తెలిసినవాళ్ళకి పరీక్షలు ఉండేవి. స్వచ్ఛమైన తగరం కడ్డీని చెవి దగ్గర పెట్టి వంచితే కిర్రుమని చప్పుడు చేస్తుంది, లోపలి స్ఫటికాలు మెలిక తిరగడం వల్ల. సీసం కలిసేకొద్దీ ఆ చప్పుడు తగ్గిపోతుంది. సీసం కాగితం మీద రాస్తే పెన్సిల్లా నల్లటి గీత పడుతుంది. పైసా ఖర్చులేని ల్యాబ్ టెస్టులు ఇవి.

1970లు, 80లలో స్టీలు గిన్నెలు ఇంటింటికీ వచ్చేశాయి. పాత ఇత్తడి తూకానికి వేసి స్టీలు తెచ్చుకున్నారు. స్టీలుకి కళాయి అక్కర్లేదు. ఒక తరంలో ఒక వృత్తి వీధుల్లోంచి దాదాపు మాయమైపోయింది. నేను స్టీలుని తిట్టట్లేదు, గిన్నెలు తోమే ఆడవాళ్ళకి అదెంత సుఖమో తెలుసు. కానీ ఆ పొగ ఏళ్ళ తరబడి పీల్చిన ఊపిరితిత్తుల గురించి ఎవరూ అడగలేదు, ఆ చేతుల్లో ఉన్న విద్య గురించి కూడా ఎవరూ అడగలేదు.

రేడియో నుంచి బోర్డు

సర్క్యూట్ బోర్డు చరిత్రలో మొదట వినపడే పేరు పాల్ ఐస్లర్. 1907లో వియన్నాలో పుట్టిన యూదు ఇంజనీరు. యూదుల మీద ద్వేషం వల్ల అక్కడ బతుకుతెరువు దొరక్క 1936లో లండన్ చేరాడు. అద్దె గదిలో ఉంటూ, తీగల బదులు రేకు మీద గీతలు అచ్చువేసిన సర్క్యూట్‌తో ఒక రేడియో తయారుచేశాడు. వియన్నాలో పత్రికా రంగంలో పనిచేసిన అనుభవం అతనిది, అందుకే అచ్చు యంత్రం వైపు నుంచి ఆలోచించాడు. దాన్ని ఒక రేడియో కంపెనీకి చూపిస్తే, ఈ వైరింగ్ పని అమ్మాయిలు చేస్తున్నారు, ఇంతకంటే వాళ్ళే చవక అని తిప్పి పంపారని చెబుతారు.

ఈ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. చవక అనే మాట ఎంత తేలిగ్గా మనిషి మీదకి జారుతుందో చూడండి.

యుద్ధం వచ్చాక కథ మారింది. లక్ష్యం దగ్గరికి రాగానే తనంతట తనే పేలే ఫిరంగి గుండు కోసం అందులో చిన్న రేడియో పెట్టాలి, తుపాకి దెబ్బకి తట్టుకోవాలి, లక్షల్లో తయారుకావాలి. అమెరికాలో దీనికోసం పింగాణీ పలకల మీద వెండి సిరాతో సర్క్యూట్ అచ్చువేశారు. యుద్ధం అయ్యాక 1947లో అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ ఈ అచ్చు సర్క్యూట్ పద్ధతుల మీద పుస్తకమే వేసింది.

మన కళాయికి సంబంధించిన మలుపు 1949లో వచ్చింది. అమెరికా సైన్యం సిగ్నల్ కోర్‌లో పనిచేసే మో ఏబ్రమ్‌సన్, స్టానిస్లాస్ డాంకో అనే ఇద్దరు రాగి రేకు బోర్డు రంధ్రాల్లో విడిభాగాల కాళ్ళు దూర్చి, బోర్డు అడుగుభాగాన్ని కరిగిన సోల్డర్‌లో ఒక్కసారి ముంచి తీశారు. అతుకులన్నీ ఒకేసారి పడిపోయాయి. 1956లో పేటెంటు వచ్చింది. ఆ తర్వాత ఇంగ్లండులో సోల్డర్‌ని అలలా పైకి లేపి బోర్డుని దానిమీదుగా నడిపించే యంత్రాలు వచ్చాయి.

ఖాళీ బోర్డుకి పూత వెయ్యడానికి ఫ్యాక్టరీల్లో స్థిరపడిన పద్ధతి ఒకటుంది. బోర్డుని శుభ్రం చేసి, ఫ్లక్స్ పూసి, కరిగిన సోల్డర్‌లో ముంచి, పైకి తీస్తుండగా రెండువైపులా వేడిగాలి కత్తిలా కొట్టి ఎక్కువైంది ఊడ్చేస్తారు. తర్వాత కడుగుతారు. పైన నేనిచ్చిన ఆరు మెట్ల జాబితా పక్కన పెట్టి చదవండి. తోమడం, ఫ్లక్స్, తగరం, తుడవడం, కడగడం. సాయిబు చేతిలో గుడ్డ ఉంది, ఫ్యాక్టరీలో వేడిగాలి ఉంది. అంతే తేడా.

ఇంట్లో వాడే చవక దారులు

ఇప్పుడు మన బల్ల దగ్గరికి వద్దాం. కోఠి గుజరాతీ గల్లీలో రాగి రేకు బోర్డు ముక్క, ఫెర్రిక్ క్లోరైడ్ కొనుక్కొచ్చి, గీతలు తేల్చుకున్నాక ముందున్న దారులు నాలుగు. నాలుగింటికీ వెనక పైన చెప్పిన చరిత్రే ఉంది.

మొదటిది, అసలు తగరమే పూయకపోవడం. పైన్ చెట్ల బంక నుంచి వచ్చే రోజిన్‌ని స్పిరిట్‌లో కరిగించి బ్రష్షుతో పూసెయ్యడం. ఆరాక గాలి తగలనివ్వదు, తర్వాత వేడి తగిలితే అదే ఫ్లక్స్‌గా పనిచేస్తుంది. రోజిన్‌లోని ఆమ్లం కరిగినప్పుడే పనిచేస్తుంది, చల్లారితే నిద్రపోతుంది. కళాయి నవాసాగరం అలాంటిది కాదు. దాని అవశేషం తేమని పీల్చి లోహాన్ని తింటూనే ఉంటుంది. గిన్నె అయితే కడిగేస్తాం. మిల్లీమీటరు కూడా లేని గీతల మధ్య ఇరుక్కుంటే ఆర్నెల్లకి బోర్డు పోతుంది. రేకుపని వాళ్ళు యాసిడ్‌లో జింకు ముక్కలు వేసి "చంపి" వాడే ఫ్లక్స్‌దీ ఇదే కథ. చవకగా దొరుకుతుంది కదా అని దాన్ని బోర్డు మీద పెట్టకూడదు.

రెండోది, సోల్డరింగ్ ఐరన్‌తోనే పూయడం. సోల్డర్ పీల్చడానికి వాడే రాగి జడని కాస్త సోల్డర్‌తో తడిపి, ఫ్లక్స్ పూసిన గీతల మీద వేడి ఐరన్‌తో ఒత్తుతూ లాగడం. జడ ఎక్కువైనది పీల్చుకుంటుంది, కావల్సినంత వదులుతుంది. సాయిబు గుడ్డకి అచ్చమైన వారసురాలు ఈ జడ. కొత్త సామాను ఏదీ కొననక్కర్లేదు. చిన్న బోర్డుకి ఇంతకంటే మంచి పద్ధతి నాకు కనపడలేదు. ఐరన్ ఒకేచోట ఎక్కువసేపు ఆపితే రాగి రేకు ఊడివస్తుంది, అదొక్కటే చూసుకోవాలి.

మూడోది, రోజ్ మిశ్రమం. పద్ధెనిమిదో శతాబ్దపు జర్మన్ రసాయనజ్ఞుడు వాలెంటిన్ రోజ్ పేరు మీద వచ్చింది. సగం బిస్మత్, మిగతాది సీసం, తగరం. దీని విచిత్రం ఏంటంటే 94 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, అంటే మరుగుతున్న నీళ్ళలో! నీళ్ళలో కాస్త నిమ్మ ఉప్పు వేసి, బోర్డు ముంచి, మిశ్రమం ముక్కలు వేసి, రబ్బరు ముక్కతో రుద్దితే నిమిషంలో బోర్డంతా వెండిలా మెరుస్తుంది. రష్యన్ మాట్లాడే హాబీ జనంలో ఇది బాగా వాడుక. చూడముచ్చటగా ఉంటుంది కానీ రెండు చిక్కులున్నాయి. మామూలు సోల్డర్‌తో ఈ బిస్మత్ కలిస్తే అతుకు కరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది, వేడెక్కే సర్క్యూట్‌కి పనికిరాదు. రెండోది, అందులో పావు వంతుకి తగ్గకుండా సీసం ఉంది. ఆ గిన్నెలో మళ్ళీ పాలు కాచకూడదు. నవ్వులాటకి అనడం లేదు.

నాలుగోది, రసాయన ద్రవంలో ముంచడం. సీసాల్లో రెడీమేడ్‌గా అమ్ముతారు. గుండుసూదుల వారసత్వం ఇదే. మామూలుగా అయితే తగరం లవణం కరిగిన నీళ్ళలో రాగిని ముంచితే ఏమీ జరగదు, రాగి కంటే తగరానికి కరిగి ఉండటమే ఇష్టం. అందుకని థయోయూరియా అనే పదార్థం కలుపుతారు. అది రాగి అయాన్లని గట్టిగా పట్టుకుంటుంది, దాంతో రాగి కరగడానికి ఒప్పుకుంటుంది, దాని స్థానంలో తగరం దిగుతుంది. రాగి అంతా కప్పబడగానే ఆట ఆగిపోతుంది కాబట్టి పూత సుమారు ఒక మైక్రాన్ దగ్గరే ఉండిపోతుంది. సమంగా, నున్నగా వస్తుంది. కానీ అంత పల్చని తగరాన్ని కింది రాగి నెలల్లో మెల్లగా తినేస్తుంది (ఆ రాగి-తగరం సమ్మేళనం మామూలు గది వేడిలో కూడా పెరుగుతూనే ఉంటుంది). అందుకని తొందరగా సోల్డర్ చేసేసుకోవాలి. ఇక థయోయూరియా క్యాన్సర్ కారకం కావచ్చన్న అనుమానం ఉన్న పదార్థం. గ్లవ్స్ లేకుండా, వంటింటి సింకులో చెయ్యాల్సిన పని కాదు. చవకగా ఇంట్లోనే కలుపుకోండి అని ఎక్కడైనా చదివితే, ఆ చవకలో ఈ ఖర్చు కలిపారా అని చూడండి.

సీసం పోయాక

సోల్డర్‌లో సీసం ఇన్నేళ్ళు ఉండటానికి కారణం చవక ఒక్కటే కాదు, న్యాయంగా చెప్పాలి. 63 పాళ్ళు తగరం, 37 పాళ్ళు సీసం కలిపితే 183 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కరిగి ఒక్కసారిగా గడ్డకడుతుంది. పని హాయిగా సాగుతుంది. ఇంకోటి, స్వచ్ఛమైన తగరం పూత మీద నుంచి కాలం గడిచేకొద్దీ వెంట్రుకకంటే సన్నని లోహపు మీసాలు మొలుస్తాయి. పక్క గీతని తాకితే షార్ట్. 1951లోనే అమెరికా బెల్ ల్యాబ్స్ వాళ్ళు వీటి గురించి రాశారు. కొంచెం సీసం కలిపితే ఈ మీసాలు బాగా తగ్గుతాయి. 1998 మేలో గెలాక్సీ 4 అనే ఉపగ్రహం చేతులెత్తేసి అమెరికాలో పేజర్లలో అధికభాగం మూగబోయాయి. ప్రధాన నియంత్రణ కంప్యూటర్ పోవడానికి కారణం తగరం మీసమే అని తేల్చారు.

అయినా సరే, 2006 జులై 1 నుంచి ఐరోపా సమాఖ్య ఎలక్ట్రానిక్స్‌లో సీసాన్ని 0.1 శాతానికి కట్టడి చేసింది, కొన్ని మినహాయింపులతో. మన దేశంలోనూ 2011 నాటి ఈ-వ్యర్థాల నిబంధనల్లో అలాంటి పరిమితులు వచ్చాయి. దాంతో ఫ్యాక్టరీలు ఇంచుమించు స్వచ్ఛమైన తగరానికి, కాస్త రాగో వెండో కలిపి, మళ్ళాయి. వెండి కలిపిన రకం 217 డిగ్రీల దగ్గర కరగడం మొదలెడుతుంది, రాగి ఒక్కటే కలిపింది 227 దగ్గర. అంటే తిరిగి తిరిగి నిజాయితీగల కళాయి సాయిబు కడ్డీ దగ్గరికే వచ్చామన్నమాట!

ఈ నిషేధం వల్ల సోల్డరింగ్ చేసే మన చేతులకి పెద్ద ఒరిగిందేముంది అని హాబీ జనాలు విసుక్కుంటారు. సోల్డరింగ్ వేడికి సీసం ఆవిరై ఊపిరితిత్తుల్లోకి పోదు, ఆ మాట నిజమే. చేతికి అంటింది అన్నంతో లోపలికి పోకుండా చేతులు కడుక్కుంటే చాలావరకు సరిపోతుంది. అసలు పొగ రోజిన్‌ది, అది ఆస్తమా తెప్పించగలదు, కాబట్టి కిటికీ తెరవాలి. కానీ ఆ నిషేధం ప్రధానంగా మన కోసం పెట్టింది కాదు. మనం పారేసిన బోర్డుని ఏ ఢిల్లీ శివార్లలోనో బొగ్గుల మీద కాల్చి చిప్పులు ఊడదీసే మనిషి ఉన్నాడు. పక్కనే ఆడుకునే అతని పిల్లలున్నారు. బోర్డు మనది, బూడిద వాళ్ళది.

చవక ఎవరికి?

ఇప్పుడు కొద్ది డాలర్లకి చైనా నుంచి ఐదు బోర్డులు, పూతతో సహా, ఇంటికొస్తాయి. డబ్బులే లెక్క అయితే ఇంట్లో కళాయి వెయ్యడానికి కారణమే లేదు. అయినా చేసేవాళ్ళున్నారు, చెయ్యాలి కూడా అని నా అభిప్రాయం. రాత్రి గీసిన సర్క్యూట్ తెల్లారేసరికి చేతిలో ఉండటం ఒక కారణం. రెండోది ఇంకా పెద్దది. మనం రాసే కోడ్ అంతా చివరికి ఒక రాగి గీత మీద నడవాల్సిందే. ఆ గీత ఎందుకు నల్లబడుతుందో, తగరం దాన్ని ఎందుకు పట్టుకుంటుందో ఒకసారైనా చేతులతో తెలుసుకున్న ప్రోగ్రామరు, కింద ఉన్న పొరలన్నిటినీ కాస్త మర్యాదగా చూస్తాడు.

నా సలహా సూటిగా ఇదీ. చిన్న బోర్డు అయితే రాగి జడ, రోజిన్, మామూలు ఐరన్. ఒకటి రెండు రోజుల్లో సోల్డర్ చేసేస్తే ఉత్త రోజిన్ పూత చాలు. మరిగే నీళ్ళ పద్ధతి కావాలంటే దానికో గిన్నె విడిగా పెట్టి పేరు రాసుకోండి. వాడేసిన ఫెర్రిక్ క్లోరైడ్‌లో కరిగిన రాగి ఉంటుంది, దాన్ని కాలవలో పొయ్యకండి. చేతులు కడుక్కోండి. ఇవన్నీ కలిపినా ఖర్చు పెరిగేది కొద్ది రూపాయలే.

ప్లీనీ కాలంలో కక్కుర్తి పడ్డవాడు మిగుల్చుకున్నది నాలుగు నాణేలు, దానికి మూల్యం చెల్లించింది ఆ గిన్నెలో తిన్నవాడు. రేడియో కంపెనీ మిగుల్చుకున్నది యంత్రం ఖర్చు, చెల్లించింది రోజంతా తీగలు అతికిన అమ్మాయిలు. చవక పద్ధతి అంటే నాకు ఇప్పుడు ఒకటే అర్థం: ఆ ఖర్చు ఇంకెవరి మీదికీ తోసెయ్యకుండా నిజంగానే తక్కువలో అయ్యే పద్ధతి. అలాంటివి ఉన్నాయి, పైన రాశాను.

మీ ఊళ్ళో ఇంకా కళాయి వేసేవాళ్ళు ఉంటే ఓసారి పక్కన కూచుని చూడండి. రేటు బేరమాడకండి. నవాసాగరం చల్లాక తగరం తాకించడానికి ఎంతసేపు ఆగుతారో అడగండి. ఏ డేటాషీట్‌లోనూ ఆ జవాబు లేదు.